పక్క సీట్లో సంచి

కురుణెగల,
ఏప్రిల్ 18

మాల్కాంతీ,

కొత్త సంవత్సరానికి పాలన్నం వండావా, లేక పొయ్యి వెలిగించే ముహూర్తానికి కూడా చేపలే తిరగేస్తూ కూర్చున్నావా? నేను ముహూర్తానికి అయిదు నిమిషాల ముందే అగ్గిపెట్టె పట్టుకుని నిలబడ్డాను. పాలు తూర్పువైపే పొంగాయి. మీ అన్నయ్య తిన్నారు. బాగుందనలేదు, బాగాలేదనీ అనలేదు. రేడియో విని ఒకసారి "అబ్బో" అన్నారు. అది పాలన్నానికా, రేడియోకా అని నేను అడగలేదు.

అసలు సంగతి. మా బౌద్ధ విహారం వాళ్ళు ఈ ఏడాది బస్సు మాట్లాడారు. నెలకో పౌర్ణమికి ఒక దిక్కు వెళ్ళి రావడం. మేలో సిగిరియ, దంబుల్ల. జూన్‌లో అనురాధపురం. జులైలో ఉత్తరాన నాగదీపం. ఆగస్టులో త్రికోణమలై. సెప్టెంబరులో మీ కిరింద, అక్కడి నుంచి కతరగమ. జనవరిలో శ్రీపాదం కొండతో చుట్టు పూర్తవుతుంది. పుట్టిన దేశంలో చూడవలసినవన్నీ ఒక్క ఏడాదిలో చూసినట్టవుతుంది. ఎడమవైపు మూడో వరసలో రెండు సీట్లు రాయించాను. కిటికీ పక్కది నీకు.

ఇక సూటిగా చెప్తాను. వచ్చే నవంబరుకి నా తమ్ముడు తుఫానులో పోయి ఏడేళ్ళు. అదే పడవలో ఉన్న సైమన్‌కి వాళ్ళ ఇంటివాళ్ళు మూడో నెలలోనే భిక్షువులకు దానం పెట్టి, గిన్నె పొంగేదాకా నీళ్ళు పోసి, పుణ్యం ధారపోశారు. పియదాసకి మాత్రం ఎవరూ ఒక్క చుక్క పొయ్యలేదు. భార్య చెయ్యి వెయ్యకుండా అక్క ఒక్కతీ చెంబు పట్టుకోవడం పద్ధతి కాదు. అడిగినప్పుడల్లా "ఇంకా చూద్దాం వదినా" అంటావు. నాకు లెక్క తెలుసు. ఏడేళ్ళు చాలు. బస్సు కిరింద వచ్చినప్పుడు మీ విహారంలోనే దానం పెడదాం, ఇద్దరం ఒకే చెంబు పట్టుకుందాం. అందాకా నాతో తిరుగు. సముద్రం తప్ప నువ్వేం చూశావు?

జ్ఞానవతి


కిరింద,
ఏప్రిల్ 30

వదినా,

పాలన్నం వండాను. అడుగంటింది. ముహూర్తం తప్పు కాదు, నా ధ్యాస తప్పు.

నేనేం చూశానని అడిగారు. దేశమంతా మా ఊరు చూడడానికే వస్తుంటే నేనెక్కడికి పోవాలి? పొద్దున్న నాలుగు బస్సులొచ్చాయి. అందరూ ఒడ్డున ఉన్న కొండ ఎక్కారు. గైడు చెయ్యి చాపి, "రాజుగారి కూతుర్ని పడవలో పెట్టి సముద్రంలోకి వదిలేస్తే, కొట్టుకొచ్చి ప్రాణాలతో ఒడ్డెక్కింది అదిగో, అక్కడే!" అని రోజూ చెప్పేదే చెప్పాడు. అందరూ ఆ రాయి వైపు దణ్ణం పెట్టారు. దిగొచ్చి, నేను చేపలు ఎండబెట్టే చాపల దగ్గర నిలబడి, ముక్కు మూసుకుని, "కతరగమ దేవుడి దగ్గరికి వెళ్తున్నాం కదా, ఇప్పుడు చేపలు ముట్టుకోం. వచ్చేటప్పుడు కొంటాం" అన్నారు. తిరుగుదారి వేరని వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా సరేనంటాను.

సముద్రంలోకి వదిలిన మనిషి బతికి ఒడ్డెక్కిన ఊళ్ళో కూర్చుని ఉన్నాను. ఇక్కడ నన్ను నీళ్ళు పొయ్యమంటారేమిటి వదినా? మీరు పద్ధతైన మనిషి. మీ ఇంట్లో మసాలా డబ్బాల మీద కూడా తేదీలుంటాయి. మా ఇంట్లో అలా కాదు. ఇంకా చూద్దాం.

ఇది చేపల సీజను. నేను రాలేను. సీటు ఎవరికైనా ఇచ్చెయ్యండి.

మాల్కాంతి


దంబుల్ల, యాత్రికుల సత్రం,
మే 21

మాల్కాంతీ,

సీటు ఎవరికీ ఇవ్వలేదు. సంచి పెట్టాను. అందులో రెండు దుప్పట్లు, అరటాకు పొట్లాల్లో అన్నం, కొబ్బరి పచ్చడి, వేడినీళ్ళ ఫ్లాస్కు, ఒక మగవాళ్ళ చొక్కా ఉన్నాయి. చొక్కా ఎందుకంటే, చలేస్తే నేనే పైన వేసుకోవచ్చని.

వెనక సీట్లో మెణికే పెద్దమ్మ ఉంది. మా వీధి చివరింటావిడ, డెబ్భై దాటాయి, నోట్లో తమలపాకు ఉన్నంతసేపే ఊరుకుంటుంది. బస్సు కదలగానే మొదలెట్టింది. "ఏమే జ్ఞానవతీ, సంచికి కిటికీ పక్క సీటా! మా ఆయన బతికున్నన్నాళ్ళూ నేను నిలబడే ప్రయాణం చేశాను కదే!"

సిగిరియ నువ్వు చూడాలి. అడవి మధ్యలో ఒక్కటే రాయి, ఎవరో మరిచిపోయి వెళ్ళినట్టు. రాతి గోడకి ఇనుప మెట్లు. సగం ఎత్తులో బొమ్మలు. మబ్బుల్లోంచి నడుము దాకా లేచిన ఆడవాళ్ళు, చేతుల్లో పూలు. అన్ని వందల ఏళ్ళయినా పెదవుల రంగు పోలేదు. పెద్దమ్మ చాలాసేపు చూసి, "వీళ్ళెవరూ బట్టలుతికిన మొహాలు కావే" అంది. ఆ తరవాత సింహం పంజాలు. ఒక్కో గోరు నా మోకాలి దాకా ఉంది. అక్కడి నుంచి గాలికి పైట నిలవదు. పైన రాజుగారి కొలనులో ఇప్పటికీ నీళ్ళున్నాయి. దాని గట్టున కూర్చుంటే నాలుగు దిక్కులా అడవే. ఎక్కడా పొగ కూడా లేదు. అంత పైన ఒంటరిగా కాపురం చేసిన రాజు ఎవరితో మాట్లాడేవాడో అనిపించింది.

పైన నీళ్ళు అమ్మే ఒకతను కనిపించాడు. నలభై ఉంటాయి. మాట మన దక్షిణపు యాస. తలకీ చెవులకీ కలిపి తుండు కట్టుకున్నాడు. తీయమన్నాను. "ఎందుకమ్మా?" అన్నాడు. "గాలి తగలనియ్యి నాయనా" అన్నాను. నవ్వి తీశాడు. మాతర వాడట. ఇద్దరు పిల్లలట.

దంబుల్ల గుహల్లో పడుకున్న బుద్ధుడి పాదాల దగ్గర నీ పేరున దీపం పెట్టాను. కప్పులో ఒక చోట రాతిలోంచి నీటి చుక్కలు పడుతుంటే కింద కుండ పెట్టారు. కాసేపు లెక్కపెట్టాను. తరవాత పెద్దమ్మ పిలిచింది.

జ్ఞానవతి


అనురాధపురం,
జూన్ 19

మాల్కాంతీ,

పోయిన ఉత్తరానికి జవాబు రాలేదు. చేపలు ఎక్కువ పడుతున్నాయనుకుంటాను.

పొసొన్ పౌర్ణమి. ఎటు చూసినా తెల్లబట్టలే. మహాబోధి చెట్టు కొమ్మలు ముసలివైపోయి, వాటి కింద బంగారు పూత పూసిన ఊతకర్రలు పెట్టారు. ఇన్ని వేల ఏళ్ళ చెట్టు కూడా ఒకరి ఆసరాతోనే నిలబడింది. ఆకు కోయకూడదు, రాలినది ఏరుకోవచ్చు. నాకు ఒక్కటే దొరికింది. నీకు పంపిస్తున్నాను. మడత పెట్టకు. రువన్‌వెలి స్తూపం చుట్టూ గోడలో రాతి ఏనుగులు భుజం భుజం ఆనించి నిలబడ్డాయి. మొత్తం చుట్టూ తిరిగాను. రెండోసారీ తిరిగాను. పెద్దమ్మ, "ఏనుగులకి హాజరు వేస్తున్నావేమే? ఒకటి తగ్గితే ఎవరికి చెప్తావు?" అంది.

నేను చూసింది ఏనుగుల్ని కాదులే. జనాన్ని.

దారి పొడవునా ఉచిత భోజనాల పందిళ్ళు. మూడు పందిళ్ళలో తిన్నాను, ఆకలి వేసి కాదు. ఒక పందిట్లో అన్నం వడ్డించేవాడు వంగి గరిటె ముంచే తీరు, మోచెయ్యి బయటికి పెట్టే తీరు, అచ్చు మనవాడిలాగే. వరసలో రెండుసార్లు నిలబడ్డాను. మూడోసారి వెళ్ళేసరికి, "అమ్మా, ఇంటికి కట్టివ్వమంటారా?" అని వెటకారం చేశాడు. వెనకాల అందరూ నవ్వారు. చెవులు రెండూ నిండుగా ఉన్నాయి. చెరుకు తోటల ఊళ్ళ వైపు వాడు.

మిహింతలె మెట్లు మొత్తం ఎక్కాను. రెండు వైపులా దేవగన్నేరు చెట్లు, మెట్ల నిండా పూలు. పైనుంచి చూస్తే మైదానంలో స్తూపాలు మూతపెట్టిన కుండల్లా కనిపిస్తాయి. మోకాలు వాచింది, ఆవనూనె రాశాను. మీ అన్నయ్యకి పోస్టు కార్డు రాశాను. ఆయన చదివి రేడియో మీద పెట్టి ఉంటారు.

వచ్చే నెల నాగదీపం. సీటు అలాగే ఉంది.

జ్ఞానవతి


కిరింద,
జూన్ 29

వదినా,

ఆకు అందింది. మడత పెట్టలేదు. గోడకి అంటించాను.

మీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని మూడుసార్లు చదివాను. సిగిరియలో నీళ్ళమ్మేవాడి తుండు ఎందుకు తీయించారు? అనురాధపురంలో మూడుసార్లు ఎందుకు తిన్నారు? మీరు ఆకలికి మించి ఒక్క ముద్ద ముట్టే మనిషి కారు. అంతంత రాళ్ళూ చెట్లూ చూసి నాలుగు ముక్కలు రాస్తారు. ఎవడో మగవాడి చెవుల గురించి మాత్రం "నిండుగా ఉన్నాయి" అని రాస్తారు.

మీ తమ్ముడి ఎడమ చెవి అంచు తెగి ఉంటుంది. చిన్నప్పుడు మీరు విసిరిన గాలం తగిలింది. పెళ్ళయిన వారానికే నాకు చెప్పారాయన. "మా అక్క పట్టిన మొదటి చేపని నేనే" అని నవ్వేవారు.

మీరు గుళ్ళు చూడడానికి తిరగడం లేదు వదినా. ఆయన్ని వెతుకుతున్నారు. నాకు మాత్రం "లెక్క తెలుసు, ఏడేళ్ళు చాలు" అని రాస్తారు. సంచిలో ఆ చొక్కా ఎవరిది? ఆ సీటు నిజంగా నాకేనా?

ఇంటికి వెళ్ళిపోండి. మోకాలికి ఆవనూనె కాదు, వేడి ఉప్పు మూట కట్టండి.

మాల్కాంతి


నాగదీపం, సత్రం అరుగు మీద,
జులై 18

మాల్కాంతీ,

దొరికిపోయాను. సరే, చెప్తాను.

మా ఇంట్లో గరిటె పోయిందనుకో. పోయిందనే ముందు అన్ని అరలూ దించి చూస్తాను. బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెడతాను. అన్నీ చూశాక లేదంటే లేదు, ఇక దాని మాట ఎత్తను. మరి తల్లి పోయాక నా చేతుల్లో పెరిగినవాడి కోసం ఒక్క అర కూడా దించకుండా చెంబు ఎలా పట్టుకోను? ఈ దీవికి ఎన్ని అరలున్నాయో అన్నీ చూస్తాను. దొరక్కపోతే సెప్టెంబరులో మీ ఊళ్ళో దిగి, మనసులో గుచ్చుకునేది ఏదీ లేకుండా నీళ్ళు పోస్తాను. దొరికితే ఆ సీటు వాడిది. చొక్కా కూడా వాడిదే. ముందు నిన్నే రమ్మన్నాను. అది అబద్ధం కాదు. నీ కళ్ళు నాకంటే మంచివి.

ఇక్కడికి పడవలోనే రావాలి. సముద్రం పలచగా, పచ్చగా, కర్ర గుచ్చితే అందేంత లోతు. దీవి మొత్తం ఒక్క పూటలో తిరిగేయవచ్చు. విహారంలో వెండి రంగు స్తూపం. నాలుగడుగులు వేస్తే అమ్మవారి కోవెల. విహారంలో పూలు పెట్టినవాళ్ళే అక్కడ కొబ్బరికాయ కొడుతున్నారు. నేనూ కొట్టాను. పడవవాళ్ళందరూ తమిళులు. నేనొక్కొక్కరి పక్కకీ జరిగి కూర్చుంటుంటే ఒకతను, "ఏంటమ్మా నా మొహంలో వెతుకుతున్నావ్? నాకు పెళ్ళయిపోయింది!" అన్నాడు. పడవంతా ఒకటే నవ్వు. పెద్దమ్మ ఊరుకుంటుందా? "నాకు కాలేదనుకో నాయనా, చూడు ఒకసారి!" అంది. నేనూ నవ్వాను. నవ్వుతూనే అతని చెవి చూశాను.

ఇంకో మాట. తప్పుగా అనుకోకు. నీకూ వాడికీ మాటపట్టింపు ఏదైనా వచ్చి, ఇంటికి రావడం ఇష్టంలేక వాడు ఎక్కడో ఉండిపోయాడేమోనని కూడా ఒక్కోసారి అనుకున్నాను. అలా అయినా సరే, బతికుంటే చాలనుకున్నాను.

ఆగస్టు 15న త్రికోణమలై చేరతాం. అక్కడికి ఉత్తరంగా, నిలావేలి ఒడ్డున, మన దక్షిణం వాళ్ళు సీజనుకి గుడిసెలు వేసుకుంటారు కదా. వాడు ఆఖరుసారి పడవ తోసింది అక్కడి నుంచే. ఒక పూట బస్సు దిగి అక్కడ అడుగుతాను. నువ్వు రాయదలుచుకుంటే త్రికోణమలై పోస్టాఫీసుకి నా పేరున రాయి.

జ్ఞానవతి


కిరింద,
ఆగస్టు 6

వదినా,

నిలావేలి వెళ్ళకండి. వెళ్ళేముందు ఇది చదవండి.

మా మధ్య మాటపట్టింపు ఏదీ లేదు. ఆ ఏడు చేపలు బాగా పడి, సీజను దాటాక కూడా ఉండిపోయారు. వచ్చేటప్పుడు త్రికోణమలైలో నాకు గాజులు కొంటానని కబురు పంపారు. అంతే మా పట్టింపు. గాజులు వద్దు, తొందరగా రమ్మన్నాను.

తుఫాను పోయిన ఆరో నెలలో, మళ్ళీ సీజను మొదలయ్యాక, నిలావేలి నుంచి ఎండుచేపల లారీ ఒకటి వచ్చింది. లోడు పైన తాడుతో కట్టిన ఒక పలక ఉంది. మూర వెడల్పు, నా ఎత్తు పొడవు. నీలం రంగు, పసుపు చార. ఒడ్డుకి కొట్టుకొచ్చిందట, అక్కడివాళ్ళు గుర్తుపట్టి పంపారు. ఏ పడవకైనా నీలం రంగు ఉండవచ్చు, పసుపు చారా ఉండవచ్చు. కాని మీ తమ్ముడు శ్రీపాదం ఎక్కి వచ్చిన ప్రతిసారీ, చుక్కాని దగ్గర తను ఆనుకునే పలక లోపలివైపు కత్తితో ఒక గాటు పెట్టుకునేవారు; పడవ కొనకముందు ఎక్కినవాటికీ పెట్టారు. వెనక్కి తిప్పి చూశాను. ఆరు గాట్లు. ఆరోది కొంచెం వంకర. అది పెడుతుంటే నేనే పిలిచాను, అన్నం చల్లారిపోతోందని.

ఆరేళ్ళుగా నాకు తెలుసు వదినా.

ఊళ్ళో నలుగురికి తెలుసు. మీకు చెప్పొద్దని వాళ్ళ చేత ఒట్టు వేయించుకున్నాను. ఆ పలక ఇప్పుడు నేను చేపలకి ఉప్పు పట్టించే తొట్టి మీద మూత. పొద్దున ఎత్తుతాను, సాయంత్రం దించుతాను. ఎత్తేటప్పుడు గాట్లు నా బొటనవేలికి తగులుతాయి.

ఎందుకు చెప్పలేదంటారు. చెబితే మీరు వారం తిరగకుండా తెల్లబట్టలు కట్టుకుని, వంటసామాను జాబితాతో సహా దిగేవారు. అంతా పద్ధతిగా జరిగిపోయేది. ఆ తరవాత? సైమన్ భార్యని చూశాను. దానం అయిన మర్నాటి నుంచి ఆవిణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు. నాకు తల్లీ తండ్రీ లేరు, పిల్లలు లేరు. నెలకోసారి కురుణెగల నుంచి ఒక ఉత్తరం వస్తుంది. "ఏమైనా తెలిసిందా?" అని ఉంటుంది. ఆ మాట అడగడానికైనా మీరు రాసేవారు. తెలిసిందంటే ఇంక దేనికి రాస్తారు?

ఇందులో మీకు ద్రోహం చేశానని తెలుసు. మీరు ఎవరెవరి చెవులో చూస్తూ ఊరూరా నవ్వులపాలవుతుంటే ఇక చదవలేకపోయాను.

మాల్కాంతి


త్రికోణమలై,
ఆగస్టు 16

మాల్కాంతీ,

ఎలా జరిగిందో అలాగే రాస్తాను.

నిన్న పొద్దున్న పోస్టాఫీసు ఇంకా తెరవలేదు. తెరిచేదాకా ఆగకుండా నిలావేలి బస్సెక్కాను. ఇసుకలో తాటాకు గుడిసెలు. వలలు కుట్టుకుంటున్న ఒక పెద్దాయన్ని అడిగాను. పియదాస పేరు చెప్పగానే సూది ఆపాడు. "కిరింద పియదాసేనా? ఆ పడవ పలక మేమే లారీలో పంపించాం కదమ్మా, వాళ్ళావిడకి. మీరేమవుతారు?" అన్నాడు.

"అక్కని" అన్నాను.

"మరి మీకు తెలియదా?"

"తెలుసు. చోటు చూద్దామని వచ్చాను" అన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలియదు. వాళ్ళ ముందు నువ్వు నా దగ్గర దాచిన మనిషివి కావడం నాకు ఇష్టం లేకపోయింది. ఆయన లేచి వచ్చి, పలక దొరికిన చోటు చూపించాడు. అక్కడ ఏమీ లేదు. పీతలు నడిచిన గీతలున్నాయి.

తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం. పోస్టాఫీసులో నీ కవరు ఇచ్చారు. మాల్కాంతీ, నేను దాన్ని వెంటనే విప్పలేదు. ముందు ముద్ర మీద తేదీ చూశాను. ఆగస్టు ఆరు. నేను అడగకముందే, వాళ్ళు చెప్పకముందే నువ్వు రాశావు. అది చూసుకున్నాకే విప్పాను. తేదీ తరవాతిది అయ్యుంటే ఈ జవాబు ఇలా ఉండేది కాదు. అసలు ఉండేది కాదేమో.

కోపం ఉంది. ఆరేళ్ళు. నువ్వు రోజుకి రెండుసార్లు ఎత్తి దించిన దాన్ని నేను దేశమంతా వెతికాను.

సాయంత్రం అందరితో కలిసి కోణేశ్వరం వెళ్ళాను. కొండ అంచున గుడి, కింద ఎంతో లోతున సముద్రం. చెట్టు కొమ్మలకి జనం చిన్న చిన్న ఉయ్యాలలు కట్టారు, పిల్లలు కావాలని. పెద్దమ్మ పక్కన కూర్చుని తమలపాకు చుట్టి నా చేతిలో పెట్టింది. తరవాత వేడినీళ్ళ బావుల దగ్గర నా నెత్తిన ఆవిడే చెంబుతో నీళ్ళు పోసింది. ఏడు బావులు, ఒక్కోదానిది ఒక్కో వేడి. "ఏడవాలంటే ఇక్కడే ఏడువు, ఏ నీళ్ళేవో ఎవరికీ తెలియదు" అంది. ఆవిడకి నేనేమీ చెప్పలేదు.

సెప్టెంబరు 13, శనివారం. బస్సు పదింటికి కిరింద వస్తుంది. చెంబు నేను తెస్తాను. బియ్యం, కూరగాయలు నువ్వు చూడు. పలక ఎవరికీ చూపించకు. ముందు నేను చూడాలి.

జ్ఞానవతి


కిరింద,
అక్టోబరు 4

వదినా,

మీరు వెళ్ళి మూడు వారాలైంది. మీరు మరిచిపోయిన ఫ్లాస్కు ఇక్కడే ఉంది.

ఆ రోజు సంగతి ఎవరితోనూ చెప్పుకోలేదు. మీతోనే చెప్తున్నాను, మీరు పక్కనే ఉన్నా సరే. భిక్షువులు పిరిత్ సూత్రాలు చదువుతుంటే ఇద్దరం చెంబు పట్టుకున్నాం. నీళ్ళు గిన్నె నిండి పళ్ళెంలోకి పొంగాయి. చెంబు ఖాళీ అయిపోయింది. మీరు వంచిన చెయ్యి ఎత్తలేదు. ఆఖరి బొట్టు కూడా పడ్డాక, నేనే మీ చేతిని పైకి ఎత్తాను. మీ చెయ్యి అంత బరువుంటుందని నేననుకోలేదు.

పలక మీద మీరు వేలితో గాట్లు లెక్కపెట్టారు. ఒకటికి రెండుసార్లు. "ఆరేనా?" అని అడిగారు. ఆరే అన్నాను. మీ మొహం ఎందుకలా అయిందో నాకు అర్థం కాలేదు. అడగబోయేలోపు మీ డ్రైవరు హారను మొదలెట్టాడు. మెణికే పెద్దమ్మ కిటికీలోంచి, "ఆ వదినా మరదళ్ళని విడదీయడానికి ఇంకో బస్సు కావాలిరా!" అంది.

ఆవిడ మాత్రం మర్నాడు కతరగమ నుంచి వేరే బస్సులో పాత దారినే వెనక్కొచ్చి చేపలు కొంది. ఇన్నేళ్ళలో ఆవిడొక్కర్తే.

తొట్టికి కొత్త మూత చేయించలేదు. అదే ఉంది. మీకు అభ్యంతరమా?

ఈమధ్య ఊళ్ళో ఎవరూ ఏమీ అడగడం లేదు. నేననుకున్నట్టే.

మాల్కాంతి


కురుణెగల,
జనవరి 23

మాల్కాంతీ,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. శ్రీపాదం వెళ్ళి వచ్చాకే రాద్దామని ఆగాను. మూత మార్చకు. అభ్యంతరం లేదు.

ఆరేనా అని ఎందుకడిగానో చెప్తాను. ఇది నువ్వు దాచినంత పెద్దదే.

కొండ పైన గంట సంగతి నీకు తెలుసు. ఎన్నిసార్లు ఎక్కితే అన్నిసార్లు కొట్టాలి. వాడి మొదటిసారికి వాడి వయసు ఎనిమిది. నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. దారిలో ఇంకా ఎంత దూరం అని అడగకూడదని చెబితే, అడగకుండా నా మొహం వంక చూస్తూ ఎక్కాడు. పైన ఒక్కసారి కొట్టి, ఇంకోసారి కొట్టాలని ఏడ్చాడు. చెంప మీద ఒకటి వేశాను. "వచ్చిన లెక్కే కొట్టాలి, ఎక్కువ కొడితే అబద్ధమాడినట్టు" అన్నాను.

తుఫాను వచ్చిన మరుసటి జనవరిలో నేనొక్కదాన్నే ఎక్కాను. నావి కొట్టుకున్నాక వాడివి కూడా కొట్టాను. ఆరు కాదు, ఏడు. వాడు ఆ ఏడాది కూడా వచ్చినట్టు. ఎక్కడో ఉన్నాడు, రావడం ఆలస్యమైంది, లెక్క మాత్రం తప్పిపోకూడదని. మరుసటి ఏడాది ఎనిమిది. అలా పోయిన జనవరికి పదమూడు. నేనే నేర్పిన పద్ధతి నేనే తప్పాను. పలక మీద ఆరే ఉంటే, మిగతా ఏడూ నేను గాలిలోకి కొట్టినవే.

ఈసారి పగలే ఎక్కాం, పెద్దమ్మ కోసం. తేయాకు తోటలు దాటాక దారి నిటారుగా ఉంటుంది. బుద్ధుడు చిరిగిన చీవరం కుట్టుకున్నాడని చెప్పే సూది దారం చోట అందరిలాగే నేనూ దారం లాగాను. దిగేవాళ్ళు మాకు దీవెన చెప్పారు, మేము వాళ్ళకి చెప్పాం. పెద్దమ్మ ఒక్కసారి కూడా ఎంత దూరమని అడగలేదు. మిగతా ప్రపంచాన్నంతా తిట్టింది. రాత్రి పైనే గడిపాం, సూర్యోదయం కాగానే కొండ నీడ పడమటి మబ్బుల మీద పడింది. ముక్కోణంగా, గీసినట్టు. కాసేపు ఉంది, ఎండ ఎక్కేసరికి కుదించుకుంటూ వచ్చి మా కాళ్ళ కిందికి చేరిపోయింది. చుట్టూ జనం సాధు సాధు అంటున్నారు. దేశమంతా తిరిగాను కాని, నీకు ఒక్కటే చూపించాలంటే దాన్ని చూపిస్తాను.

గంట దగ్గర వరస పెద్దది. నావి ఇరవై. కొట్టాను. చెయ్యి మళ్ళీ తాడు మీదికి వెళ్ళింది. పట్టుకుని నిలబడ్డాను. వెనకాల ఎవరో, "అమ్మా, అయిందా? ఇంకా ఉన్నాయా?" అని అడిగారు.

"అయిపోయాయి" అని తాడు వాళ్ళ చేతికిచ్చాను.

ఎక్కువ కొట్టినవాటికి ఏం చెయ్యాలని దిగేటప్పుడు పెద్దమ్మని అడిగాను. "ఏం చేస్తావే, గంటని తిరిగి మింగమంటావా? ఎప్పుడూ ఎక్కనివాళ్ళని ఒకళ్ళని తీసుకురా. వాళ్ళు ఒక్కటి సరిగ్గా కొడితే చాల్లే" అంది. నువ్వు ఎప్పుడూ ఎక్కలేదు. వచ్చే డిసెంబరు పౌర్ణమికి సీజను తెరుస్తారు. మందపాటి కంబళి ఉంటే తెచ్చుకో, లేకపోతే నా దగ్గర రెండున్నాయి.

ఈ ఉత్తరంలో నిన్ను అడగవలసింది ఏమీ లేదని గమనించావా? అయినా రాశాను. వచ్చే నెలా రాస్తాను. ఫ్లాస్కు నీ దగ్గరే ఉంచు.

తిరుగు ప్రయాణంలో రత్నపుర దగ్గర మా బస్సు ఆపి ఒకావిడ ఎక్కింది. చేతిలో కూరగాయల బుట్ట ఉంది. నిలబడలేక నా సీటు పక్కకొచ్చి, "ఇక్కడ ఎవరైనా ఉన్నారా అమ్మా?" అని అడిగింది.

ఎవరూ లేరన్నాను. సంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

జ్ఞానవతి